జపాను కుర్చీ

కుర్చీలలోను పెక్కు తెగలు గలవు. కచేరీలో అధికారి కూర్చుండు కుర్చీ యొకటి, తరగతిలో ఉపాధ్యాయుని కుర్చీ యొకటి, మధ్యాహ్నము తాతగారు కునుకు తీయు పడకకుర్చీ యొకటి. వీనిలో ఎక్కువమందిని మోసినది ఏది యని నన్నడిగినచో, క్షౌరశాలలోని కుర్చీయే యని చెప్పుదును. తక్కిన కుర్చీలలో నిత్యము ఒక్కడే కూర్చుండును. ఇందులో ఒకడు లేచినంతనే మరియొకడు కూర్చుండును. దినమునకు పదిమంది చొప్పున, ఏడాదికి మూడువందల దినముల చొప్పున లెక్కవేసి చూడుడు: నలువది ఏండ్లలో 1,20,000 మంది! అంతమందిని మోసిన కుర్చీకి ఏదో యొకనాడు కాలు వదులగుటలో వింత లేదు.

అట్టి పాత కుర్చీలను బాగుచేయుట నా యిప్పటి వ్యాసంగము. నేను ఉన్నత పాఠశాలలో చేతిపనుల ఉపాధ్యాయుడనుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. అనంతపురములో మా యింటి వసారాయే నా పనిశాల. ఇంతవరకు ఆరు కొయ్యకుర్చీలను, ఒక ఇనుపకుర్చీని బాగుచేసితిని. కొయ్యకుర్చీలను గూర్చి కొన్ని మాటలు చెప్పి, పిమ్మట ఇనుపకుర్చీ సంగతికి వచ్చెదను. చెప్పవలసిన కథ దానియందే కలదు.

అనంతపురపు పీఠభూమి కరవునకు పేరుపడినది. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనములను అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు సముద్రతీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి చిక్కిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో గాలికి ఎప్పుడును దాహమే. అది చెరువునుండి త్రాగును, ఆకునుండి త్రాగును, ఇంటిలోని కొయ్యనుండియు త్రాగును. కొయ్య ఎండినప్పుడు పొడవున అంతగా తగ్గదు, అడ్డముగా తగ్గును. అందుచేత బెజ్జములలో బిగియగొట్టిన కుసులు సన్నబడి వదులగును. వజ్రపు బంక పెళుసై పొడిగా రాలును. పేము అల్లిక పటపట తెగును. టేకులో సహజముగ నూనె యుండుటచే అది తక్కిన కొయ్యలకంటె కొంత ఓర్చుకొనును. మా ప్రాంతపు పాత క్షౌరశాలలలో టేకు కుర్చీలే నేటికిని నిలిచియుండుటకు కారణమిదియే.

కుర్చీ ఊగుచున్నదని యజమాని ఒక మేకు కొట్టును. మరుసటి ఏడు రెండవ మేకు కొట్టును. ఇది వైద్యము గాదు, హింస. వేసవిలో తగ్గి వానలలో పెరుగు కొయ్యను మేకు కదలనీయదు. కదలలేని కొయ్య నిలువున చీలును. మేకు త్రుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను నల్లగా తినివేయును. నేను బాగుచేసిన ఆరు కుర్చీలలోనుండి నలువదియేడు మేకులు పెరికితిని! మేకులు తీసిన పిమ్మట వేడినీటి గుడ్డ చుట్టి పాత బంకను మెత్తబరచి, కుర్చీని విప్పి, కుసి కొనలో సన్నని గండి కోసి, అందు చీల దింపి, మరల బిగింతును. బంక విషయములో నేను పాతకాలపువాడనే. జంతువుల చర్మమునుండి తీసిన వజ్రపు బంక వేడి తగిలిన విడును. ఈ కాలపు రసాయనపు బంక విడదు. ఏబది ఏండ్ల పిమ్మట ఈ కుర్చీని బాగుచేయబోవు వానికి దారి మూసివేయుటకు నాకేమి హక్కు?

ఇక నా యింటికి వచ్చిన ఏడవ కుర్చీ ఉరవకొండది. అది అనంతపురమునుండి బళ్ళారికి పోవు బాటలో నున్న పట్టణము. పడగ విప్పిన పామువంటి కొండ యుండుటచే దానికి ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. కుర్చీ బరువు ఇంచుమించు నూరు కిలోలు. నలుగురు పట్టి బండినుండి దింపిరి. పీఠము పోత యినుము. చేతులకు తెల్లని పింగాణి పూత. పాదములుంచు పలకపై అచ్చుపోసిన అక్షరములు ఎందరి చెప్పులో రాచి రాచి అరిగిపోయి ‘జపాన్’ అను మాట యొక్కటియే మిగిలియుండెను. ఉరవకొండలో దానిని అందరును ‘జపాను కుర్చీ’ యనియే పిలుచుచుండిరి.

ఇట్టి కుర్చీల పుట్టుక వేరు దేశముది. క్షురకుడు వంగక, కూర్చున్నవానినే పైకెత్తవలెనను ఆలోచన 19వ శతాబ్దపు చివర అమెరికాలో బలపడెను. సెయింట్ లూయిస్ నగరములోని కోకెన్ సంస్థ నూనె యొత్తిడితో లేచు కుర్చీలకు ప్రసిద్ధి కెక్కెను. జపానులోని ఒసాకా నగరమున 1921లో పోత కర్మాగారముగా ఆరంభమైన తకారా సంస్థ 1930లలో ఈ కుర్చీల పనిలో దిగి, 1970 ప్రాంతమున ఆ కోకెన్ సంస్థనే కొనివేసెను. శిష్యుడు గురువుగారి యిల్లు కొనినట్లు!

కుర్చీతో వచ్చిన పెద్దాయన ఉరవకొండలో చిన్న క్షౌరశాల నడుపువాడు. నాయీబ్రాహ్మణ కుటుంబమువాడు. కుర్చీ ఆయన జేజినాయన సంపాదన. ఆ కథ తెలియవలెనన్న పల్లెలోని పాతపద్ధతి కొంత తెలియవలెను.

పూర్వము పల్లెలలో క్షురకునకు అంగడియు లేదు, కుర్చీయు లేదు. వేపచెట్టు నీడలో ఒక రాయి, చంకలో పొది, అందులో కత్తి, కత్తెర, సానరాయి, చిన్న అద్దము, నీళ్ళగిన్నె. ఇంతే. క్షౌరముతో పాటు పుండ్లకు మందు వేయుటయు, పెండ్లిలో సన్నాయి యూదుటయు ఆ కుటుంబముల పనియే. కూలి రొక్కముగా నీయరు. పంట కళ్ళములో రాశి యొద్ద వడ్రంగికి, కమ్మరికి, రజకునకు, క్షురకునకు ఏడాదికొకసారి ‘మేర’ కొలుచుట ఆచారము. వానలు కురిసిన యేడు ఈ పద్ధతి బాగుగనే యుండును. కురియని యేడు రాశి యుండదు. రాశి లేనిచో మేర లేదు. అయినను గడ్డములు పెరుగుట మానవు కదా! పని యంతయు చేయవలెను, కూలి మాత్రము రాదు. 1952 కరవులో రాయలసీమ యంతట గంజికేంద్రములు పెట్టవలసి వచ్చెను. 1965–66లో మరల కరవు వచ్చినప్పుడు ఈ పెద్దాయన జేజినాయన పొది చంకనిడుకొని ఉరవకొండ చేరెను. బళ్ళారిలో మూతపడిన యొక క్షౌరశాలలోని కుర్చీని అప్పుచేసి కొని, ఎద్దులబండిపై తెచ్చెనట. నాడు దానిని చూచుటకే జనులు వచ్చిరట. మీట త్రొక్కగా మనిషి లేచును. మరియొక మీట నొక్కగా మెల్లగా దిగును. చేతులపై అడ్డముగా పలక వేసి పిల్లలను కూర్చుండబెట్టినచో, వారు ఏడ్చుట మరచి “ఇంకా పైకి, ఇంకా పైకి” యని కేకలు వేయుచుండిరట. మీలో పలువురు అట్టి పలకపై కూర్చుండియే యుందురు.

ఇప్పుడు మాత్రము ఆ కుర్చీ లేవదు. త్రొక్కిన బొసబొస శబ్దము చేసి ఊరకుండును. ఎనిమిదేండ్లుగా దానిని మూలకు త్రోసి, ఎత్తు మారని యొక కుర్చీతో పెద్దాయన పని నడుపుచుండెను. నలువదియైదేండ్లు వంగి పనిచేసిన నడుము ఇక వంగనని మొరాయించుచుండెను. ఇంతలో బెంగుళూరునుండి పాతసామానుల వర్తకుడొకడు వచ్చి, కుర్చీకి డెబ్బదివేల రూపాయలిత్తుననెను. పెద్ద హోటలు ముంగిట అలంకారముగా ఉంచెదరట. లేవకపోయినను బాధ లేదు, మెరిసిన చాలునట. బెంగుళూరులోనే క్షౌరశాలలో పనిచేయుచున్న కుమారుడు “నాయనా, అమ్మేసి నా దగ్గరికి రా. ఆ డబ్బుతో నడుముకు వైద్యం చేయిద్దాం” అని పోరుచుండెను. కుమారుని మాటలో తప్పు పట్టదగినది నాకేమియు కనబడలేదు. ఉగాదిలోపల కుర్చీ లేచినచో అంగడి నడుపుట, లేవనిచో అమ్మి ఊరు విడుచుట అని తండ్రీ కొడుకు లొడంబడిక చేసికొనిరి. ఉగాదికి ఆరు వారములు మిగిలియుండెను.

“మెరుపు వద్దు అయ్యవారూ, లేస్తే చాలు” అని చెప్పి పెద్దాయన వెడలిపోయెను.

కుర్చీ లేచు విధము మీ భౌతికశాస్త్రములోనిదే. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకును సమానముగా ప్రసరించునని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పెను. కుర్చీ పీఠములో నూనెతొట్టియు, అందు ఒక చిన్న ముషలకమును, నడుమ ఒక పెద్ద ముషలకమును ఉండును. మీట త్రొక్కగా చిన్నది నూనెను పెద్దదాని క్రిందికి నెట్టును. పెద్దదాని వైశాల్యము చిన్నదానికి ఇరువది రెట్లయినచో, మన బలమును ఇరువది రెట్లగును. కాని ప్రకృతి ఎవనికిని ఊరక ఏదియు ఈయదు. చిన్నది ఇరువది అంగుళములు కదలిన గాని పెద్దది ఒక అంగుళము లేవదు. అందుకే పలుమార్లు త్రొక్కవలెను. నెట్టిన నూనె వెనుకకు రాకుండ ఒక ఉక్కుగుండు దారి నడ్డగించును. ముషలకపు అంచున గిన్నె ఆకారపు తోలువాషరు ఉండి, నూనె ప్రక్కలనుండి జారకుండ కాపాడును.

పీఠము విప్పగా నూనె కీలువలె నల్లబడియుండెను. ఉక్కుగుండు మురికిలో కూరుకొనిపోయెను. కిరసనాయిలుతో కడిగిన శుభ్రపడెను. అసలు రోగము తోలువాషరుది. అది ఎండి, ముడుతలుపడి, ఎండుమిరపకాయవలె చేతిలోనే విరిగెను. దినదినము కుర్చీ లేచుచున్నంత కాలము నూనె తోలును తడుపుచుండెను. మూల కూర్చున్న ఎనిమిదేండ్లలో నూనె క్రిందికి జారెను. మా గాలి తన దాహము తీర్చుకొనెను.

అనంతపురములో రబ్బరు సీళ్ళు అమ్ము అంగళ్ళన్నియు తిరిగితిని. లారీలకు, ట్రాక్టర్లకు కావలసినవి రాశులుగా నున్నవి. దీని కొలతకు సరిపోవునది లేదు. ఒక అంగడివాడు నా చేతిలోని ముక్కను త్రిప్పిచూచి, “ఇది బోరింగు వాషరు మాదిరిగా ఉందే!” అనెను. నేను అంగడి మెట్లపైననే నిలిచిపోతిని. మా జిల్లాలో తోలువాషరు తెలియని పల్లె యుండునా?

1970లలో యూనిసెఫ్ సహాయముతో మన దేశములోనే రూపొందిన ‘ఇండియా మార్క్–2’ చేతిపంపును మీరెరుగుదురు. మన జనులు దానిని బోరింగు అందురు. లోతున నీళ్ళను పైకి లాగు ముషలకమునకు గిన్నె ఆకారపు తోలువాషర్లే యుండెడివి. అవి అరిగినచో పంపు కొట్టినను నీరు రాదు. కరవు కాలములో వాషరు అరిగిన ఊరు గుక్కెడు నీటికై మైళ్ళు నడచెడిది. అందుచే పంపుమేస్త్రి సైకిలుపై వచ్చినచో ఊరంతయు ఎదురేగెడిది. పిమ్మట మోటారు బోర్లు పెరిగెను. భూమిలోని నీరు క్రిందికి దిగెను. అనేకములైన చేతిపంపులు ఊరి నడుమ ఊరక నిలిచిపోయెను. తోలుకు మారుగా కృత్రిమపు రబ్బరు వచ్చెను. మేస్త్రులకు పని తగ్గెను.

అట్టి పంపుమేస్త్రి యొకనిని వెదకి పట్టుకొంటిని. డెబ్బదేండ్లకు దగ్గరవాడు. ఆయన నా చేతిలోని తోలుముక్కను వాసన చూచెను. “తంగేడు తోలు” అనెను. తంగేడు చెక్కతో తోలు ఊనుట దక్షిణదేశపు పాతవిద్య. ఎంత ఎండకైనను వాడక, మా గుట్టలపై పచ్చగా పూచు ఆ తంగేడే. ఆ చెక్కతో ఊనిన తోలు దళముగను బిగువుగను ఉండునట. తరువాత పరదేశపు చెక్కలు వచ్చి దాని వాడుక తగ్గిపోయెను. జపానులో చేసిన కుర్చీకి తంగేడు తోలు ఎట్లు వచ్చును? మునుపెన్నడో ఒకసారి దీనిని మన సీమలోనే ఎవరో బాగుచేసియుందురని మేస్త్రి నిర్ణయము. నాకును అదియే సరియనిపించెను.

ఆయన అటుకపైనుండి దళమైన తోలుముక్క నొకటి తీసి గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానవేసెను. నేను వేపకొయ్యతో అచ్చు త్రిప్పి యిచ్చితిని. మెత్తబడిన తోలును అచ్చుపై పరచి, పైన ఇనుపకట్టు బిగించి, నీడలో ఆరబెట్టితిమి. ఎండలో ఆరబెట్టినచో పగులునని మేస్త్రి నన్ను మూడుమారులు హెచ్చరించెను. నాలుగవనాటికి తోలు గిన్నెవలె నిలిచెను. అంచులు కోసి సరిచేసి, వారము దినములు ఆముదములో నానవేసితిమి. ఈ పనులలో తొందర పనికిరాదు. ఉగాది మాత్రము తొందరపడుచుండెను.

తోలు నానుచుండగా కుర్చీ పైభాగము చూచుటకు తీరిక దొరికెను. త్రుప్పును ఉప్పుకాగితముతో రుద్ది తొలగించితిని. చేతులపై పింగాణి పూత అచ్చటచ్చట పెచ్చులూడియుండెను. కొలిమి వేడిలో కరగించి యెక్కించిన పూతను వసారాలో కూర్చుండి మరల వేయలేము. పైపై రంగు పూసినచో నెలకే ఊడును. కావున పెచ్చులూడినచోట మైనము పట్టించి విడిచితిని. ఎడమచేతి చివర మాత్రము ఒక జాగా అద్దమువలె నునుపై యుండెను. దానిని గూర్చి ఫోనులో పెద్దాయన నడిగితిని. గడ్డము గీయునపుడు ఆయన జేజినాయన ఎడమచేయి ఆన్చుచుండిన చోటట అది. పిమ్మట ఆయన ఈ సంగతి చెప్పెను.

అంగడి పెట్టిన క్రొత్తలో వారి పల్లెనుండి ఇద్దరు భూస్వాములు వచ్చి బల్లపై కూర్చుండి యుండిరి. వారికంటె ముందు వచ్చిన దళిత యువకు డొకడు గుమ్మము వెలుపల నిలిచియుండెను. అదియు ఆ పల్లెవాడే. పల్లెలో క్షురకుని కత్తి వానివాడకు పోదు. ఎవరి తలలు వారే గొరుగుకొనవలెను. జేజినాయన “రా నాయనా, నీ వంతు” అని పిలిచి కుర్చీ చూపెను. బల్లపైవారు లేచి, “ఇదేం పద్ధతి?” అని గద్దించిరి. “ఈ కుర్చీ జపానుది సామీ! మన ఊరి కట్టుబాట్లు దానికి రావు” అని చెప్పి ఆయన గుడ్డ కప్పి, మీట త్రొక్కి, ఆ యువకుని పైకెత్తెను. వారు వెడలిపోయిరి. పల్లెనుండి రావలసిన పాతమేర మరల రాలేదు.

“ధర్మమని చేసినాడో, పైసలకు చేసినాడో నాకు తెలియదు అయ్యవారూ. ఆ దినం బోణీ కూడా కాలేదంట” అని పెద్దాయన నవ్వెను.

ఏది యైనను చట్టము జేజినాయన వైపుననే యుండెను. రాజ్యాంగములో అంగళ్ళ ప్రవేశమును గూర్చిన అధికరణముపై 1948 నవంబరు 29న చర్చ జరిగినప్పుడు, ‘అంగడి’ యను మాటకు కేవలము లోనికి పోనిచ్చుట అని కాక, అక్కడ లభించు సేవను పొందుట అనియు విశాలార్థము కలదని అంబేద్కరు వివరించెను. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము ‘అంగడి’ని నిర్వచించుచు క్షౌరశాలను పేరు పెట్టియే చేర్చెను. 1976లో ఆ చట్టమునకు పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మారెను. ఢిల్లీలో పార్లమెంటు కూర్చుండి, దేశములోని క్షౌరశాల కుర్చీని తలచుకొని ఒక మాట వ్రాసెనన్నచో, ఆ కుర్చీలో కూర్చుండుట ఎంతటి విషయమై యుండునో ఊహింపుడు. నేటికిని కొన్ని పల్లెలలో కొందరికి క్షౌరము నిరాకరించిరను వార్తలు పత్రికలలో వచ్చుచునే యున్నవి.

ఆ నునుపైన జాగాను నేను ముట్టలేదు. ఉప్పుకాగితమును దాని దాపునకైనను పోనీయలేదు.

ఉగాది ఇంక తొమ్మిది దినములుండగా మేస్త్రియు నేనును తోలువాషరును ఎక్కించి, క్రొత్తనూనె పోసి, పీఠము మూసితిమి. మీట త్రొక్కితిని. గాలి బుసకొట్టెను, కుర్చీ కదలలేదు. రెండవమారు, మూడవమారు అంతే. “బోరింగుకు కూడా మొదట గాలి పోవాలి కదా సార్, కొట్టండి” అని మేస్త్రి యనెను. పదునాలుగవ త్రొక్కునకు కుర్చీ ఒక వ్రేలెడు లేచెను. ఇరువది త్రొక్కులకు జానెడు లేచెను. మేస్త్రిని అందు కూర్చుండబెట్టి గోడపై సున్నముతో గీత గీచి, రాత్రి యంతయు దిగునా దిగదా యని చూడదలచితిని. “రాత్రంతా నేనే కూర్చోవాల్నా?” అని ఆయన భయపడగా, ఆయనకు మారుగా రెండు సిమెంటు బస్తాలు ఎత్తి పెట్టితిమి. తెల్లవారి చూడగా కుర్చీ గీతనుండి గోరంత మాత్రము దిగియుండెను.

కుర్చీ ఉరవకొండకు చేరిన దినమున మేస్త్రియు బండిలో వచ్చెను. అంగడిలో దింపగనే, మొదట ఎవరు కూర్చుండవలెనను ప్రశ్న వచ్చెను. పెద్దాయన మేస్త్రిని చేయి పట్టి కూర్చుండబెట్టి, గుడ్డ కప్పి, తన నడుమునకు సరిపోవునంత ఎత్తునకు త్రొక్కి, వంగకయే కత్తి పట్టెను. ఆయన ఎడమచేయి ఆ నునుపైన చోటునకు తానై పోయి ఆనెను. గడ్డము పూర్తి కాగానే మేస్త్రి జేబు తడుముకొనెను, పెద్దాయన వలదనెను. తోలువాషరునకు వెల యెంత యని పెద్దాయన అడిగెను. ఆరునెలలకొకసారి ఆముదము పోసి చూచుకొమ్మని మాత్రము చెప్పి, మేస్త్రి బస్సు వేళయైనదని లేచెను. బల్లపై కాచుకొనియున్న బాలుడొకడు అప్పటికే పలక తెచ్చి కుర్చీ చేతులపై వేయుచుండెను.